ఆఫర్ వచ్చాక మార్కులు జారుతున్నాయా? భయపడాల్సింది ఎక్కడ, అక్కర్లేనిది ఎక్కడ

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలున్న ఇళ్లలో ఏటా ఇదే వరస. జులై, ఆగస్టుల్లో కాలేజీకి కంపెనీలు రావడం మొదలవుతుంది. దసరా, దీపావళి నాటికి కొందరికి ఆఫర్లు వస్తాయి. స్వీట్లు పంచుతాం, చుట్టాలకు ఫోన్లు చేస్తాం. సంక్రాంతి దాటాక ఏడో సెమిస్టర్ ఫలితాలు వస్తాయి. అంతవరకు 8 చుట్టూ తిరిగిన గ్రేడు 6 దగ్గర కనబడుతుంది. ఒక్కోసారి ఒక సబ్జెక్టు పోయి ఉంటుంది. ఆ రాత్రి నుంచి పిల్లల మనసులో ఒకటే ప్రశ్న: ఉద్యోగం ఉంటుందా, పోతుందా? సగం మంది ఆ ప్రశ్నను ఇంట్లో అడగరు.

మన పిల్లలు చదివే చోట్లు వేరు. హోసూరు, కోయంబత్తూరు పిల్లలు అన్నా విశ్వవిద్యాలయం కిందికి వస్తారు. బెంగళూరు, బళ్లారి వాళ్లలో చాలామందిది బెళగావి వీటీయూ. బరంపురం, రాయగడ వైపు బీపీయూటీ. సోలాపూర్, ముంబయి వాళ్లకు మహారాష్ట్ర వర్సిటీలు. యానాం పిల్లల్లో కొందరు పుదుచ్చేరికి, ఇంకొందరు కాకినాడకు వెళ్తారు. రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా ఆఫర్ తర్వాత వచ్చే భయం అంతటా ఒకటే. అందుకే దాన్ని విడదీసి చూద్దాం.

ముందే ఒక మాట. మార్కులు తగ్గడం వేరు, గీత దాటి కిందికి పోవడం వేరు. ఎనిమిది ఏడున్నర అయితే తగ్గినట్టు. ఆఫర్ లెటర్‌లో 6 ఉండాలని రాసి ఉండి 5.9 వస్తే గీత దాటినట్టు. మొదటిదానికి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు. రెండోదాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. మనవాడు, మన అమ్మాయి ఈ రెంటిలో ఎక్కడున్నారో తేల్చుకోవడానికి కాగితం, పెన్ను, అరగంట సమయం చాలు.

చేతిలో ఉన్న కాగితం ఏది?

క్యాంపస్‌లో ఎంపికైన రోజు వచ్చేది చాలాసార్లు ఉద్యోగపు ఉత్తర్వు కాదు. దాన్ని 'లెటర్ ఆఫ్ ఇంటెంట్' అంటారు. "మిమ్మల్ని తీసుకోవాలని అనుకుంటున్నాం" అని కంపెనీ చెప్పే మాట అది. జీతం, హోదా, షరతులు వివరంగా ఉండే ఆఫర్ లెటర్ తర్వాత వస్తుంది. చేరే తేదీతో నియామక పత్రం ఇంకా తర్వాత. మొదటి కాగితానికీ చివరి కాగితానికీ మధ్య ఆరు నెలల నుంచి ఏడాది వరకు పట్టొచ్చు. ఆ మధ్యలోనే ఏడు, ఎనిమిది సెమిస్టర్ల పరీక్షలు వస్తాయి.

ఏరు దాటాక తెప్ప తగలేశాడని సామెత. ఆఫర్ రాగానే పుస్తకం మూసేసేవాళ్లు ఏరు మధ్యలోనే ఆ పని చేస్తున్నారు.

ఆ కాగితంలో రెండో పేజీయో మూడో పేజీయో తిప్పితే షరతులు ఉంటాయి. సాధారణంగా కనబడేవి ఇవి:

- చేరే నాటికి అన్ని సబ్జెక్టులూ పాసై ఉండాలి. పెండింగ్ పేపర్ ఒక్కటి కూడా ఉండకూడదు.
- డిగ్రీ మొత్తం మీద 60 శాతం లేదా 6 సీజీపీఏ ఉండాలి. చాలా ఐటీ కంపెనీలు పది, ఇంటర్‌లకు కూడా ఇదే గీత పెడతాయి. కొన్ని 6.5, 7 కూడా అడుగుతాయి.
- కోర్సు గడువులోపల పూర్తి కావాలి. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ముందే చెప్పాలి.
- మార్కుల మెమోలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్ చెప్పిన తేదీలోగా ఇవ్వాలి.

"ఏడో సెమిస్టర్‌లో మార్కులు తగ్గితే ఆఫర్ రద్దు" అన్న వాక్యం మామూలుగా ఉండదు. కంపెనీ చూసేది ఒక సెమిస్టర్‌ని కాదు, మొత్తాన్ని. పిల్లలు భయపడేది ఒక సెమిస్టర్‌కి. సగం దిగులు ఈ తేడా తెలియకే వస్తుంది.

కాగితం ఇంగ్లిషులో ఉందని పక్కన పెట్టేయకండి. సోలాపూర్‌లో మగ్గం మీద బతికిన ఇంటి నుంచి, బరంపురంలో చిన్న కొట్టు నడిపిన ఇంటి నుంచి మొదటి ఇంజనీరు బయల్దేరినప్పుడు ఆ కాగితాన్ని ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాం గానీ షరతులు చదవం. ఒక సాయంత్రం పిల్లల్నే చదివి మన భాషలో చెప్పమనండి. వాళ్లు కూడా అప్పుడే మొదటిసారి పూర్తిగా చదవొచ్చు.

లెక్క వేస్తే ఎంత తగ్గింది?

సీజీపీఏ అంటే ఇప్పటిదాకా చదివిన అన్ని క్రెడిట్ల మీద సరాసరి. ఏఐసీటీఈ 2018 నమూనా ప్రకారం నాలుగేళ్ల ఇంజనీరింగ్‌కు 160 క్రెడిట్లు. వర్సిటీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది. సులువుగా అర్థం కావడానికి సెమిస్టర్‌కు 20 అనుకుందాం. ఆరు సెమిస్టర్లు అయ్యేసరికి 120 క్రెడిట్లు పూర్తవుతాయి. అంటే డిగ్రీలో ముప్పాతిక భాగం ఆఫర్ వచ్చే నాటికే కట్టేసి ఉంటుంది. మిగిలిన పావు భాగం ఎంత తగ్గినా మొత్తాన్ని ఒక్కసారిగా కూల్చలేదు.

ఇద్దరు విద్యార్థుల్ని తీసుకుందాం.

మొదటి అమ్మాయికి ఆరు సెమిస్టర్ల తర్వాత 7.8 ఉంది. 120 క్రెడిట్ల మీద 936 పాయింట్లు. ఏడో సెమిస్టర్‌లో 6.2 వచ్చింది, అంటే 20 క్రెడిట్లకు 124. మొత్తం 1060. 140తో భాగిస్తే 7.57. ఎనిమిదో సెమిస్టర్‌లో 7 తెచ్చుకుంటే చివరకు 7.5తో బయటికొస్తుంది. ఒక సెమిస్టర్‌లో ఒకటిన్నర పాయింటు పైగా పడిపోయినా మొత్తం మీద పోయింది 0.3. కంపెనీ గీత 6 అయితే ఈ అమ్మాయికి ఆఫర్ విషయంలో భయం లేదు.

రెండో అబ్బాయికి ఆరు సెమిస్టర్ల తర్వాత 6.2. అంటే 744 పాయింట్లు. ఏడో సెమిస్టర్‌లో 5 వచ్చింది. మొత్తం 844, సరాసరి 6.03. గీత మీద నిలబడ్డాడు. ఎనిమిదో సెమిస్టర్‌లో 5.5 వస్తే మొత్తం 954, సరాసరి 5.96. అన్నీ పాసయ్యాడు, పట్టా చేతికొచ్చింది, కానీ 6 గీత కిందికి పోయాడు.

మొదటి అమ్మాయి కన్నా ఈ అబ్బాయికి పడిపోయింది తక్కువే. ప్రమాదం మాత్రం అతనికే. పక్కింటి పిల్లల గ్రేడుతో పోల్చుకుంటే ఈ సంగతి తెలియదు. మన గీతకూ మనకూ ఎంత దూరం ఉందో చూసుకుంటేనే తెలుస్తుంది.

ఈ అబ్బాయికి దారి కూడా లెక్కలోనే ఉంది. 160 క్రెడిట్ల మీద 6 ఉండాలంటే 960 పాయింట్లు కావాలి. 844 ఉన్నాయి. ఇంకా కావాల్సింది 116, అంటే ఎనిమిదో సెమిస్టర్‌లో 5.8. ఆఖరి సెమిస్టర్‌లో ప్రాజెక్టుకు చాలా వర్సిటీల్లో క్రెడిట్లు ఎక్కువ ఉంటాయి. అది 10 అనుకుంటే, అందులో 8 గ్రేడు తెచ్చుకుంటే 80 పాయింట్లు. మిగతా 10 క్రెడిట్లలో 5 చొప్పున వచ్చినా 50. మొత్తం 974, సరాసరి 6.09. "ఎలాగూ ఉద్యోగం వచ్చింది కదా" అని ప్రాజెక్టును స్నేహితుల మీద వదిలేసేవాళ్లు నిజానికి తమ దగ్గరున్న పెద్ద ఆసరాను వదిలేస్తున్నారు.

ఈ అంకెల స్థానంలో మీ మార్కుల మెమోలో ఉన్న క్రెడిట్లు పెట్టుకోండి. లెక్క పద్ధతి అదే.

శాతం దగ్గర ఒక మెలిక

కంపెనీ గీత సీజీపీఏలో ఉంటే గొడవ లేదు. శాతంలో ఉంటే జాగ్రత్తగా ఉండాలి. గ్రేడును శాతంగా మార్చే సూత్రం అన్ని వర్సిటీల్లో ఒకటి కాదు. అన్నా విశ్వవిద్యాలయంలో సీజీపీఏను 10తో గుణిస్తారు. కాకినాడ జేఎన్‌టీయూ కొన్ని రెగ్యులేషన్లలో ముందు 0.75 తీసేసి, మిగిలినదాన్ని 10తో గుణించాలి. అప్పుడు 6.5 వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఒకరికి 65 శాతం, ఇంకొకరికి 57.5 శాతం. అరవై గీతకు ఒకరు పైన, ఒకరు కింద.

ఒకే వర్సిటీలో కూడా బ్యాచ్ మారితే సూత్రం మారవచ్చు. అన్నయ్యకో బావకో ఐదేళ్ల కింద వర్తించింది ఇప్పుడు వర్తించకపోవచ్చు. మార్కుల మెమో వెనక వైపు ఉంటుంది, లేదా రెగ్యులేషన్ల పుస్తకంలో ఉంటుంది. అక్కడ చూసి, కంపెనీ అడిగిన చోట ఆ సూత్రంతోనే శాతం రాయాలి. సొంతంగా పదితో గుణించి రాస్తే తర్వాత సర్టిఫికెట్ల తనిఖీలో తేడా బయటపడుతుంది. మార్కులు తక్కువని కాదు, తప్పు రాశారని ఆఫర్ పోయే ప్రమాదం ఉంటుంది.

ఒక సబ్జెక్టు పోతే

తమిళనాడులో దీన్ని అరియర్ అంటారు. మహారాష్ట్రలో కేటీ. కర్ణాటకలో, ఒడిశాలో, యానాం వైపు బ్యాక్‌లాగ్ లేదా బ్యాక్. పేరేదైనా సరాసరి లెక్క ఇక్కడ పనికిరాదు. సీజీపీఏ 8 ఉన్నా ఒక్క పేపర్ మిగిలితే పట్టా ఆగుతుంది, పట్టా ఆగితే చేరడం ఆగుతుంది. కాబట్టి ఉన్న కొద్ది సమయాన్ని దేనికి పెట్టాలో తేల్చుకోవాల్సి వస్తే ముందు పాస్, తర్వాతే గ్రేడు.

ఫలితం వచ్చిన వారంలో చేయాల్సినవి మూడు.

మొదటిది, జవాబు పత్రం నకలు తెప్పించుకోవడం. అన్నా, వీటీయూ వంటి వర్సిటీల్లో ముందు నకలు తీసుకుని, చూసి, ఆ తర్వాత రీవాల్యుయేషన్‌కు పెట్టుకోవచ్చు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. బాధపడుతూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. నకలును సబ్జెక్టు చెప్పిన సారుకో మేడమ్‌కో చూపించి, మార్కులు పెరిగే అవకాశం ఉందంటేనే డబ్బు కట్టండి.

రెండోది, మళ్లీ పరీక్ష ఎప్పుడో తెలుసుకోవడం. కొన్ని చోట్ల తదుపరి సెమిస్టర్ పరీక్షలతో పాటే పెడతారు. కొన్ని చోట్ల విడిగా సప్లిమెంటరీ ఉంటుంది. ఏడో సెమిస్టర్‌లో పోయినదాన్ని ఎనిమిదితో పాటు రాసి, చేరే తేదీకి ముందే బయటపడొచ్చు. ఎనిమిదో సెమిస్టర్‌లో పోతేనే ఇబ్బంది ఎక్కువ. ఆ తర్వాత పరీక్ష, ఫలితం, మెమో వచ్చేసరికి చేరే తేదీ దాటిపోవచ్చు. అందుకే ఆఖరి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోకూడదు.

మూడోది, దాచకపోవడం. ముందు కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో చెప్పాలి. వాళ్లు అలాంటి కేసులు ఏటా చూస్తుంటారు. ఆ కంపెనీ ఆ పరిస్థితిలో ఏం చేస్తుందో వాళ్లకు తెలిసి ఉంటుంది. కొన్ని కంపెనీలు చేరే తేదీని తర్వాతి బ్యాచ్‌కు మారుస్తాయి. కొన్ని మార్చవు. అడిగిన వాళ్లకే ఆ అవకాశం దొరుకుతుంది. దాచిపెట్టి చేరాక తనిఖీలో బయటపడితే ఆ ఉద్యోగంతో పాటు తర్వాతి చోటికీ మచ్చ వెంట వస్తుంది.

ఇంకో సంగతి. అన్నా విశ్వవిద్యాలయంలో డిస్టింక్షన్ రావాలంటే సీజీపీఏ 8.5 ఉండటంతో పాటు పేపర్లన్నీ మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి. మూడేళ్లు కష్టపడి ఆ అంచున ఉన్న పిల్లలు ఆఖరి ఏడాదిలో ఒక్క అరియర్‌తో దాన్ని పోగొట్టుకుంటారు. ఉద్యోగం ఎక్కడికీ పోదు. పట్టా మీద ఆ మాట మాత్రం మళ్లీ రాదు.

హాజరు సంగతి మరవొద్దు

ఆఫర్ వచ్చాక మొదట తగ్గేది మార్కులు కావు, క్లాసుకు వెళ్లడం. హాజరు చాలక పరీక్ష రాయనివ్వకపోతే ఫెయిల్ కన్నా పెద్ద నష్టం. చాలా వర్సిటీల్లో 75 శాతం హాజరు కావాలి. అనారోగ్యం వంటి కారణం చూపితే 65 వరకు మన్నిస్తారు. వీటీయూలో గీత 85 శాతం, మినహాయింపు 10 శాతం వరకు. అది దాటితే ఆ సబ్జెక్టును, కొన్ని చోట్ల సెమిస్టర్ మొత్తాన్నీ మళ్లీ చదవాల్సి వస్తుంది. అప్పుడు ఆఫర్ సంవత్సరమే మారిపోతుంది.

కొన్ని కంపెనీలు ఎనిమిదో సెమిస్టర్‌లోనే ఇంటర్న్‌షిప్‌కు పిలుస్తాయి. వెళ్లే ముందు కాలేజీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఆ రోజుల హాజరు ఎలా లెక్కిస్తారు, ఇంటర్నల్ పరీక్షలకు ఎప్పుడు రావాలి, ప్రాజెక్టు కింద దీన్నే ఒప్పుకుంటారా అన్నవి అందులో ఉండాలి. విభాగాధిపతి నోటితో "వెళ్లు బాబూ, చూసుకుందాం" అన్న మాట పరీక్షల విభాగంలో పనికిరాదు.

అసలెందుకు జారతాయి?

బద్ధకం ఒక్కటే కారణం కాదు. ఏడో సెమిస్టర్ మొదలైంది మొదలు ఆప్టిట్యూడ్ పరీక్షలు, కోడింగ్ రౌండ్లు, ఇంటర్వ్యూలు. వాటి కోసం క్లాసులు పోతాయి, ఇంటర్నల్స్ పోతాయి. ఆఫర్ వచ్చేసరికి సగం సెమిస్టర్ అయిపోయి ఉంటుంది. చివర్లో చదవడానికి కూర్చుంటే మొదటి రెండు యూనిట్లు ఎప్పుడు చెప్పారో కూడా తెలియదు. కొన్ని కంపెనీలు చేరకముందే ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చేయమంటాయి. అదీ ఈ నెలల్లోనే.

రెండోది, లక్ష్యం తీరిపోవడం. పదో తరగతి నుంచి పిల్లలకు మనం చెప్పింది ఒకటే, బాగా చదువు, ఉద్యోగం వస్తుంది అని. ఉద్యోగం వచ్చాక కూడా ఎందుకు చదవాలో మనం ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లు ఆగిపోతే ఆశ్చర్యమేముంది?

మూడోది, తనకొచ్చి పక్కవాడికి రాకపోవడం. హాస్టల్ గదిలో నలుగురిలో ఒకరికి ఆఫర్ వస్తే ఆ ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చోడానికి మొహమాటపడతారు. మిగతావాళ్లతో తిరగడమే స్నేహం అనిపిస్తుంది.

కారణం ఏదో తెలిస్తే మందు కూడా దాన్ని బట్టే ఉంటుంది. క్లాసులు పోయినవాళ్లకు నోట్సు కావాలి, రెండు వారాల పట్టిక కావాలి. లక్ష్యం తీరిపోయినవాళ్లకు తర్వాతి మెట్టు ఏమిటో కనబడాలి.

ఈ మార్కుల్ని మళ్లీ ఎవరు చూస్తారు?

మొదటి ఉద్యోగంలో రెండు మూడేళ్లు చేశాక ప్రైవేటు కంపెనీల్లో సీజీపీఏ ప్రస్తావన తగ్గిపోతుంది. అక్కడ పని అడుగుతారు. ఇది నిజం, పిల్లలు చెప్పేదీ ఇదే. అయితే కొన్ని తలుపుల దగ్గర డిగ్రీ మార్కులు ఎప్పటికీ అడుగుతూనే ఉంటాయి.

ఎన్ఐటీల్లో గేట్ ద్వారా ఎంటెక్ సీటుకు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో సాధారణ, ఓబీసీ అభ్యర్థులకు 6.5 సీజీపీఏ లేదా 60 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 6 లేదా 55 శాతం అడుగుతారు. గేట్ మార్కులతో తీసుకునే ప్రభుత్వ రంగ సంస్థల్లో చాలావాటికి 60 శాతం, కొన్నింటికి 65 గీత ఉంటుంది. అమెరికాలో ఎంఎస్ కోసం దరఖాస్తు చేస్తే ఎనిమిది సెమిస్టర్ల మెమోలూ పంపాల్సి వస్తుంది. మరోవైపు క్యాట్ రాయడానికి డిగ్రీలో 50 శాతం చాలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. సివిల్స్‌కు, స్టేట్ బ్యాంకు పీవో వంటి పరీక్షలకు డిగ్రీ పాసైతే చాలు, శాతం అడగరు.

రెండేళ్లు ఉద్యోగం చేసి ఎంటెక్‌కో ప్రభుత్వ రంగ సంస్థకో వెళ్లాలనుకునే పిల్లలకు గీత కంపెనీ చెప్పిన 6 కాదు. అంతకన్నా పైన ఉంది. ఆ గీతను ఇప్పుడే పెట్టుకోవాలి. పట్టా చేతికొచ్చాక సీజీపీఏ పెంచుకోవడం చాలాచోట్ల కుదరదు.

ఇంకొక కారణం ఉంది. ఆఫర్ ఉన్నా చేరడం ఆలస్యం కావచ్చు. 2008 మాంద్యం నాటి బ్యాచ్‌కు ఇది తెలుసు. 2022లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లలో చాలామంది పెద్ద ఐటీ సంస్థల ఆఫర్లు పట్టుకుని ఏడాదికి పైగా పిలుపు కోసం చూశారు. కొందరికి ఆఫర్లే రద్దయ్యాయి. పైగా చాలా కాలేజీల్లో ఒక విద్యార్థికి ఒక ఆఫర్ అన్న పద్ధతి ఉంది. ఒకటి వచ్చాక మిగతా కంపెనీలకు కూర్చోనివ్వరు. ఆ ఒక్కటి నిలవకపోతే బయట సొంతంగా వెతుక్కోవాలి. అప్పుడు ప్రతి దరఖాస్తులో మొదటి గడి మళ్లీ సీజీపీఏనే. చేరాక కూడా శిక్షణలో పరీక్షలు ఉంటాయి, వాటిలో నెగ్గనివాళ్లను పంపించేసే కంపెనీలూ ఉన్నాయి.

ఇంట్లో మనం చేయగలిగింది

చాలా ఇళ్లలో ఈ దిగులు వెనక అప్పు ఉంటుంది. బ్యాంకుల విద్యా రుణంలో మామూలుగా కోర్సు ముగిశాక ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. ఉద్యోగం జూన్‌లో మొదలవుతుందని లెక్కేసుకున్న ఇంట్లో పట్టా ఆరు నెలలు ఆగితే ఆ ఏడాదిలో సగం పోయినట్టే. సబ్జెక్టు మిగిలి కోర్సు సాగుతుందని తెలిస్తే బ్యాంకుకు ముందే వెళ్లి చెప్పండి. వాయిదా తప్పాక వెళ్లడం కన్నా అది మేలు.

పిల్లల్ని అడిగే తీరు కూడా మార్చుకోవాలి. "ఎందుకు తగ్గాయి?" అంటే జవాబు రాదు, తలుపు మూసుకుంటుంది. "ఆఫర్ లెటర్‌లో ఎంత ఉండాలని రాశార్రా? ఇప్పుడు మొత్తం మీద ఎంతుంది? ఏ పేపరైనా మిగిలిందా నాన్నా?" అని అడిగితే మూడింటికీ అంకెల్లోనే జవాబు ఉంటుంది. అంకె బయటికి వస్తే భయం సగం తగ్గుతుంది. చుట్టాల్లో ఎవరైనా "జీతమెంత?" అని పిల్లల ముందే అడిగినప్పుడు "ఇంకా పరీక్షలున్నాయి, అవి అయ్యాక చెబుతాం" అని మనమే అనేస్తే వాళ్ల మీది బరువు తగ్గుతుంది.

మీ ఊళ్లోని తెలుగు సంఘంలోనో, కుల సంఘంలోనో అడిగితే అదే వర్సిటీలో చదివి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్న అన్నో అక్కో దొరుకుతారు. పరీక్షల విభాగంలో ఎవరిని కలవాలి, ఏ ఫారం ఎక్కడ ఇవ్వాలి అన్నది వాళ్లు చెప్పినంత సూటిగా ఇంకెవరూ చెప్పలేరు.

నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రోజుల తరబడి సాగితే మార్కుల మాట పక్కన పెట్టండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. 20 భాషల్లో సేవ ఉంది, అందులో తెలుగూ ఉంది. బయట ఏ భాష మాట్లాడినా మనసులో మాట ఇంటి భాషలోనే చెప్పుకునే మన పిల్లలకు ఇది ఉపయోగపడుతుంది.

ఈ వారంలో

ఆఫర్ లెటర్‌లో షరతుల పేజీ చదవండి. అందులోని గీతను ఒక కాగితం మీద పెద్దగా రాయండి. దాని కింద ఇప్పటి సీజీపీఏ, పూర్తయిన క్రెడిట్లు, మిగిలిన క్రెడిట్లు రాయండి. గీత మీద నిలబడటానికి ఇంకెంత కావాలో లెక్కేయండి. పాస్ కావాల్సిన పేపర్లు, వాటి పరీక్ష తేదీలు, ప్రతి సబ్జెక్టులో హాజరు శాతం పక్కన చేర్చండి.

గీతకు బాగా పైన ఉంటే ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి, ప్రాజెక్టు మీద దృష్టి పెట్టి, మిగిలిన కాలేజీ రోజుల్ని హాయిగా గడపమనండి. అది వాళ్లు సంపాదించుకున్నదే. గీత దగ్గర ఉంటేనో, పేపర్ మిగిలి ఉంటేనో ఆ కాగితాన్ని చదువుకునే బల్ల ముందు గోడకు అంటించమనండి. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ కూడా దాని మీద రాసి ఉంచండి. ఆ ఒక్క తేదీ మరిచి ఆరు నెలలు పోగొట్టుకున్న పిల్లలు ఏటా ఉంటారు.